ఈఆర్‌పీనెక్స్ట్‌లో డెవలపర్ మోడ్, అడ్మినిస్ట్రేటర్ లాగిన్: పర్మిషన్లు చెడకుండా పని చేసుకోవడం ఎలా

బిల్లింగ్, స్టాక్, అకౌంట్స్ అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీనెక్స్ట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఏ ఆఫీసుకి వెళ్లినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గర ఉంది? ఎక్కువసార్లు వచ్చే జవాబు, "అందరికీ తెలుసండీ, ఎక్కడైనా ఆగిపోతే దాంతో లాగిన్ అయి కానిచ్చేస్తాం" అని. రెండో ప్రశ్న, లైవ్ సైట్‌లో డెవలపర్ మోడ్ ఆన్‌లో ఉందా? దీనికి చాలామంది దగ్గర జవాబే ఉండదు, ఎప్పుడో సెటప్ చేసినవాళ్లు ఆన్ చేశారు, అలాగే ఉండిపోయింది. ఈ రెండూ సరిచేయకుండా రోల్స్, పర్మిషన్లు ఎంత శ్రద్ధగా పెట్టినా తలుపుకి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు ఉంటుంది. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా నేను చేసే వరుసలోనే రాస్తున్నాను. వెర్షన్ 14, 15 వాడేవాళ్లకి ఇది దాదాపు ఇలాగే పనికొస్తుంది, మెనూల్లో చిన్న తేడాలు ఉండొచ్చు.

ముందు రెండింటినీ విడదీసి చూడండి

డెవలపర్ మోడ్ మనిషికి ఇచ్చేది కాదు, సైట్‌కి పెట్టే సెట్టింగ్. అది ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఎవరికీ కొత్తగా ఏ హక్కూ రాదు. మారేది ఏంటంటే, మీరు ఒక స్టాండర్డ్ డాక్‌టైప్‌లో (సేల్స్ ఇన్‌వాయిస్, ఐటమ్ లాంటి ఒక్కో రకం డాక్యుమెంట్ నమూనాని డాక్‌టైప్ అంటారు, సాఫ్ట్‌వేర్‌తో వచ్చేది స్టాండర్డ్, మీరు చేసుకున్నది కస్టమ్) చేసిన మార్పు డేటాబేస్‌లోకి వెళ్లడంతో ఆగదు, సర్వర్‌లో యాప్ ఫోల్డర్ లోపల ఉన్న జేసన్ ఫైల్‌లోకి కూడా వెళ్తుంది. అంటే మీరు డేటా మార్చడం లేదు, సాఫ్ట్‌వేర్‌నే మారుస్తున్నారు. మోడ్ ఆఫ్‌లో ఉంటే స్టాండర్డ్ డాక్‌టైప్‌ని సేవ్ చేయనివ్వదు, "నాట్ ఇన్ డెవలపర్ మోడ్" అని ఆపేస్తుంది, కస్టమ్ డాక్‌టైప్ మాత్రమే చేసుకోమంటుంది.

అడ్మినిస్ట్రేటర్ ఒక యూజర్. మామూలు యూజర్ కాదు, ఈఆర్‌పీనెక్స్ట్‌కి పునాది అయిన ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్ కోడ్‌లో పర్మిషన్ చూసే చోట మొట్టమొదట అడిగే మాట "వచ్చింది అడ్మినిస్ట్రేటరా?" అని, అయితే ఇంక మిగతా తనిఖీ ఏదీ జరగదు. సిస్టమ్‌లో ఉన్న రోల్స్ అన్నీ తనవే. వర్క్‌ఫ్లోలో ఏ మెట్టు దగ్గరైనా అప్రూవ్ కొట్టగలడు, తను పెట్టిన డాక్యుమెంట్‌ని తనే అప్రూవ్ చేసుకోకూడదని మీరు కట్టడి పెట్టినా అది తనకి వర్తించదు. తప్పనిసరి ఫీల్డ్ ఖాళీగా వదలడం, సబ్మిట్ అయిన ఇన్‌వాయిస్‌లో రేటు మార్చడం లాంటివి మాత్రం తనకీ కుదరవు, అవి డాక్యుమెంట్ నియమాలు, పర్మిషన్లు కావు.

మూడోది సిస్టమ్ మేనేజర్. దీన్ని అడ్మినిస్ట్రేటర్‌తో కలిపేస్తుంటారు. ఇది రోల్, ఎవరికైనా ఇవ్వొచ్చు. సిస్టమ్ మేనేజర్ రోల్ ఒక్కటే ఉన్నవాళ్లకి సేల్స్ ఇన్‌వాయిస్ తనంతట తాను తెరుచుకోదు, కానీ వాళ్లు తమకి తాము కావలసిన రోల్ ఇచ్చుకోగలరు. అందుకే ఇదీ పంచిపెట్టాల్సిన రోల్ కాదు.

మోడ్, యూజర్ ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. కొత్తగా స్టాండర్డ్ డాక్‌టైప్ చేయాలంటే సైట్ డెవలపర్ మోడ్‌లో ఉండాలి, లాగిన్ అయింది అడ్మినిస్ట్రేటర్ అయి ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఫారమ్‌లో కస్టమ్ టిక్ దానంతటదే పడిపోయి మారదు. "డెవలపర్ మోడ్ ఆన్ చేశాను, అయినా కస్టమ్ టిక్ తీయనివ్వట్లేదు" అని చాలామంది అడుగుతుంటారు, కారణం ఇదే.

మొదటి మెట్టు: విడిగా ఒక టెస్ట్ సైట్

లైవ్ సైట్ బ్యాకప్ తీసి ఇంకో సైట్‌లోకి రీస్టోర్ చేయండి. వీలైతే వేరే సర్వర్, లేదంటే కనీసం వేరే బెంచ్ (సైట్లు, యాప్‌లు కలిసి ఉండే ఇన్‌స్టలేషన్ ఫోల్డర్, దాన్ని నడిపే కమాండ్ పేరూ బెంచే). రీస్టోర్ అవ్వగానే, అందులోకి లాగిన్ అవ్వకముందే, ఆ సైట్ కాన్ఫిగ్ ఫైల్‌లో మ్యూట్ ఈమెయిల్స్ విలువ 1 పెట్టి షెడ్యూలర్ ఆపేయండి. ఇది మర్చిపోతే టెస్ట్ సైట్ నుంచి నిజమైన కస్టమర్లకి నిజమైన మెయిళ్లు వెళ్తాయి, ఎందుకంటే కస్టమర్ల అడ్రస్‌లన్నీ బ్యాకప్‌తో పాటే వచ్చేశాయి.

రెండో మెట్టు: డెవలపర్ మోడ్ అక్కడ మాత్రమే

బెంచ్ సెట్-కాన్ఫిగ్ కమాండ్‌తో, సైట్ పేరు తప్పకుండా ఇచ్చి, డెవలపర్ మోడ్ విలువ 1 పెట్టండి, తర్వాత క్లియర్-క్యాష్ కొట్టండి. సైట్ పేరు తప్పకుండా అని ఎందుకంటున్నానంటే, నెట్‌లో దొరికే సూచనల్లో చాలావాటిలో గ్లోబల్ ఫ్లాగ్‌తో కమాండ్ ఉంటుంది. ఆ ఫ్లాగ్ పెడితే సెట్టింగ్ కామన్ సైట్ కాన్ఫిగ్‌లోకి వెళ్తుంది, ఆ బెంచ్ మీద ఉన్న సైట్లన్నిటికీ వర్తిస్తుంది. లైవ్, టెస్ట్ ఒకే బెంచ్ మీద పెట్టినవాళ్లు ఇలాగే తెలియకుండా లైవ్‌ని డెవలపర్ మోడ్‌లోకి తోసేస్తారు. మీ సర్వర్‌లో ఇప్పుడే రెండు ఫైళ్లూ చూడండి, సైట్ ఫోల్డర్‌లోది ఒకటి, సైట్స్ ఫోల్డర్‌లో ఉన్న కామన్ ఫైల్ ఒకటి.

లైవ్‌లో ఆన్‌లో ఉంటే ఏమవుతుంది? నేను చూసిన ఒక సందర్భం చెప్తాను. ఒక మందుల పంపిణీ కంపెనీకి శనివారం రాత్రి అప్‌డేట్ పెట్టుకున్నాం. బెంచ్ అప్‌డేట్ మొదలవ్వగానే ఆగిపోయింది, ఈఆర్‌పీనెక్స్ట్ ఫోల్డర్‌లో కమిట్ చేయని మార్పులున్నాయని చెప్పింది. గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) స్టేటస్ చూస్తే ఒకే ఒక్క ఫైల్, సేల్స్ ఇన్‌వాయిస్ జేసన్. లోపల ఒక కొత్త ఫీల్డ్, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల ఎల్‌ఆర్ (లారీ రసీదు) నంబర్ కోసం. అకౌంట్స్‌లో పనిచేసే అబ్బాయి చాలా నెలల కింద, బిల్లు మీద ఎల్‌ఆర్ నంబర్ కావాలంటే, అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి నేరుగా డాక్‌టైప్ తెరిచి ఫీల్డ్ పెట్టేశాడు. సిస్టమ్ ఆపలేదు, ఎందుకంటే మోడ్ ఆన్‌లో ఉంది, లాగిన్ అడ్మినిస్ట్రేటర్‌ది. అతని తప్పేమీ లేదు, తలుపు తీసి ఉంది, లోపలికి వెళ్లాడు. ఆ ఫైల్‌ని పాత స్థితికి తెచ్చేస్తే అప్‌డేట్ ముందుకెళ్తుంది, కానీ సోమవారం ఉదయం బిల్లింగ్ కౌంటర్‌లో ఆ ఫీల్డ్ కనపడదు. ఫీల్డ్ పోయినా డేటాబేస్ టేబుల్‌లో కాలమ్ అలాగే ఉంటుంది, ఫ్రాపే దాన్ని దానంతట తాను తీసేయదు, కాబట్టి అదే పేరుతో, అదే రకంతో కస్టమ్ ఫీల్డ్ పెడితే పాత నంబర్లు మళ్లీ కనపడతాయి. అలాగే చేశాం. పని అయ్యేసరికి తెల్లవారింది.

అదే ఫీల్డ్‌ని కస్టమైజ్ ఫారమ్‌లో (ఫారమ్‌లకి సొంత ఫీల్డ్‌లు చేర్చుకునే స్క్రీన్) పెట్టి ఉంటే రెండు నిమిషాల పని, ఏ అప్‌డేట్‌కీ అడ్డు కాదు.

మూడో మెట్టు: అడ్మినిస్ట్రేటర్‌ని పక్కన పెట్టడం

రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ వాడితే పోయేది భద్రత ఒక్కటే కాదు, లెక్క కూడా. ఆ లాగిన్‌తో చేసిన ప్రతి ఎంట్రీ కింద "అడ్మినిస్ట్రేటర్" అనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఒక జర్నల్ ఎంట్రీ ఎవరు వేశారని ఆడిటర్ అడిగితే చెప్పడానికి పేరు ఉండదు.

ముందు ఇద్దరికి, ముగ్గురు వద్దు, వాళ్ల సొంత మెయిల్ ఐడీతో యూజర్ చేసి సిస్టమ్ మేనేజర్ రోల్ ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే ఆ మనిషి సెలవులో ఉన్న రోజే అవసరం పడుతుంది. ఆ ఇద్దరూ లాగిన్ అయి పని చేసుకోగలుగుతున్నారని చూశాక అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మార్చేయండి, పొడవాటిది పెట్టి పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచండి. మర్చిపోతామేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. సర్వర్ యాక్సెస్ ఉన్నవాళ్లు బెంచ్‌లో సెట్-అడ్మిన్-పాస్‌వర్డ్ కమాండ్‌తో ఎప్పుడైనా కొత్తది పెట్టగలరు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో రెండంచెల లాగిన్ కూడా ఉంది, కనీసం ఈ ఇద్దరికైనా పెట్టండి.

నాలుగో మెట్టు: కంప్యూటర్ మూసేసి కాగితం తీయండి

రోల్స్ అనేవి మనుషుల పేర్లు కావు, పనుల పేర్లు. 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ ఈ పద్ధతి గురించి పత్రం రాసినప్పుడు చెప్పిన మూల విషయం ఇదే: అనుమతి మనిషికి ఇవ్వకండి, ఆ మనిషి చేసే పనికి ఇవ్వండి, మనిషి మారితే పని నుంచి తప్పిస్తే చాలు. నేను ఇప్పటికీ "సుబ్బారావు గారి రోల్" లాంటి పేర్లు చూస్తుంటాను. ఆయన రిటైర్ అయ్యాక ఆ రోల్‌లో ఏముందో ఎవరికీ తెలియదు, తీసేయడానికి భయం.

కాగితం మీద ఎడమ వైపు పనులు రాయండి: కౌంటర్ బిల్లింగ్, గోడౌన్, కొనుగోళ్లు, వసూళ్లు, అకౌంట్స్, యజమాని. పైన డాక్యుమెంట్లు. ప్రతి గడిలో ఏం చేయాలి, చూడటమా, రాయడమా, సబ్మిటా, క్యాన్సిలా. ఈ కాగితం మీరొక్కరే రాయకండి, ఆ పని చేసేవాళ్ల పక్కన కూర్చుని రాయండి. గోడౌన్‌లో డెలివరీ నోట్ క్యాన్సిల్ చేసేది ఎవరని మేనేజర్‌ని అడిగితే ఒక జవాబు వస్తుంది, గోడౌన్‌లో అడిగితే ఇంకొకటి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. "ఆల్" అనే రోల్‌కి ఏ పర్మిషనూ ఇవ్వకండి. అది లాగిన్ అయిన అందరికీ దానంతటదే ఉంటుంది, పోర్టల్‌లోకి వచ్చే మీ కస్టమర్లకి కూడా. ఆఫీసు స్టాఫ్ అందరికీ ఏదైనా ఇవ్వాలంటే వెర్షన్ 15లో డెస్క్ యూజర్ అనే రోల్ ఉంది.

అయిదో మెట్టు: రోల్ పర్మిషన్స్ మేనేజర్

డాక్‌టైప్ ఎంచుకుంటే రోల్స్ వరసగా కనపడతాయి, ఒక్కోదానికి రీడ్, రైట్, క్రియేట్, డిలీట్, సబ్మిట్, క్యాన్సిల్, అమెండ్, ఎక్స్‌పోర్ట్ లాంటి టిక్‌లు. కాగితం చూసి పెట్టుకుంటూ పోవడమే. ఒకే మనిషికి రెండు రోల్స్ ఉంటే రెండింటి అనుమతులూ కలుస్తాయి, ఒక రోల్ ఇంకో రోల్ ఇచ్చినదాన్ని తీసేయలేదు. ఇది గుర్తుంటే సగం తికమకలు పోతాయి.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇక్కడ ఒకటుంది. ఒక డాక్‌టైప్‌లో మీరు ఒక్క టిక్ మార్చినా చాలు, ఆ డాక్‌టైప్‌కి సంబంధించిన స్టాండర్డ్ పర్మిషన్లన్నీ కస్టమ్ డాక్‌పెర్మ్ అనే వేరే టేబుల్‌లోకి కాపీ అవుతాయి, అక్కడి నుంచి సిస్టమ్ ఆ కాపీనే చూస్తుంది, అసలుది పట్టించుకోదు. తర్వాత అప్‌డేట్‌లో ఆ డాక్‌టైప్‌కి కొత్త రోల్ పర్మిషన్ వస్తే అది మీకు అందదు. ఇది లోపం కాదు, మీరు పెట్టుకున్నది అప్‌డేట్ చెరిపేయకూడదని అలా చేశారు, కానీ ఏయే డాక్‌టైప్‌లు ముట్టుకున్నారో ఒక జాబితా రాసి పెట్టుకోకపోతే తర్వాత కారణం దొరకదు. అదే స్క్రీన్‌లో ఒరిజినల్ పర్మిషన్లు రీస్టోర్ చేసే బటన్ ఉంది, నొక్కితే మీరు పెట్టినవన్నీ పోతాయి, ముందు ఫొటో అయినా తీసుకోండి.

ఎక్స్‌పోర్ట్ టిక్ గురించి కూడా ఆలోచించండి. కస్టమర్ల జాబితా చూడాల్సిన ప్రతివాళ్లకీ దాన్ని ఎక్సెల్‌లో దింపుకోవాల్సిన అవసరం ఉండదు. అలాగే వెర్షన్ 13 నుంచి సెలెక్ట్ అనే టిక్ వచ్చింది, డ్రాప్‌డౌన్‌లో పేరు ఎంచుకోవడానికి చాలు, లోపలికి వెళ్లి చూడటం కుదరదు.

ఆరో మెట్టు: యూజర్ పర్మిషన్స్

రోల్ చెప్పేది "సేల్స్ ఇన్‌వాయిస్ చూడొచ్చు" అని. ఏ ఇన్‌వాయిస్‌లు అన్నది యూజర్ పర్మిషన్ చెప్తుంది. రాజమండ్రి టెరిటరీ సేల్స్‌మన్‌కి రాజమండ్రి కస్టమర్లు, బిల్లులే కనపడాలంటే యూజర్ పర్మిషన్‌లో టెరిటరీ ఎంచుకుని, విలువ రాజమండ్రి పెడితే సరిపోతుంది. టెరిటరీ చెట్టులా ఉంటుంది కాబట్టి పై కొమ్మ ఇస్తే కింద ఉన్నవన్నీ వస్తాయి, వద్దనుకుంటే డిసెండెంట్స్ దాచే టిక్ ఉంది.

ఇక్కడ మూడు చోట్ల జారిపడతారు.

మొదటిది, ఆ యూజర్‌కి టెరిటరీ మీద ఒక్క యూజర్ పర్మిషన్ కూడా లేకపోతే అన్ని టెరిటరీలూ కనపడతాయి. కొత్త సేల్స్‌మన్‌ని చేర్చి ఇది పెట్టడం మర్చిపోతే మొదటి రోజే మొత్తం రాష్ట్రం అతని చేతిలో ఉంటుంది.

రెండోది, టెరిటరీ ఖాళీగా ఉన్న రికార్డులు అందరికీ కనపడతాయి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో "అప్లై స్ట్రిక్ట్ యూజర్ పర్మిషన్స్" టిక్ పెడితేనే అవి దాగుతాయి. కానీ ఆ టిక్ గుడ్డిగా పెట్టకండి, పాత డేటాలో ఖాళీలు చాలా ఉంటే ఉన్నట్టుండి సగం రికార్డులు మాయమైపోయాయని ఫోన్లు మొదలవుతాయి. ముందు ఖాళీలు నింపి తర్వాత పెట్టండి.

మూడోది, ఈ వడపోత టెరిటరీకి లింక్ ఫీల్డ్ ఉన్న చోటే పనిచేస్తుంది. సేల్స్ ఇన్‌వాయిస్‌లో టెరిటరీ ఫీల్డ్ ఉంది. పేమెంట్ ఎంట్రీలో లేదు. కాబట్టి రాజమండ్రి సేల్స్‌మన్‌కి పేమెంట్ ఎంట్రీ రీడ్ ఇస్తే గుంటూరు వసూళ్లు కూడా కనపడతాయి. బ్రాంచిలవారీగా వసూళ్లు విడదీయాలంటే కాస్ట్ సెంటర్ ద్వారా ఆలోచించండి, ఆ ఫీల్డ్ రెండు చోట్లా ఉంది.

ఇవన్నీ దాటుకుని వెళ్లేది ఇంకొకటి ఉంది, షేర్. ఎవరైనా ఒక డాక్యుమెంట్‌ని షేర్ చేస్తే, రోల్ లేకపోయినా ఆ మనిషికి ఆ ఒక్క డాక్యుమెంట్ తెరుచుకుంటుంది. షేర్ టిక్ ఎవరెవరికి ఉందో ఒకసారి చూసుకోండి.

ఏడో మెట్టు: ఫీల్డ్ స్థాయిలో దాచడం

కొనుగోలు రేటు కౌంటర్ వాళ్లకి కనపడకూడదని యజమానులు తప్పకుండా అడుగుతారు. చాలామంది కస్టమైజ్ ఫారమ్‌లో హిడెన్ టిక్ పెడతారు, లేదా క్లయింట్ స్క్రిప్ట్‌తో దాస్తారు. రెండూ కళ్లకి మాత్రమే అడ్డు. విలువ బ్రౌజర్ దాకా వచ్చేస్తుంది, కొంచెం తెలిసినవాళ్లు చూడగలరు.

సరైన దారి పెర్మ్ లెవెల్, అంటే ఫీల్డ్‌కి ఇచ్చే పర్మిషన్ అంచె నంబర్. ఐటమ్‌లో చివరి కొనుగోలు రేటు ఫీల్డ్‌కి కస్టమైజ్ ఫారమ్‌లో లెవెల్ 1 పెట్టండి. తర్వాత రోల్ పర్మిషన్స్ మేనేజర్‌లో కొనుగోళ్ల రోల్‌కి లెవెల్ 1 వరుస ఒకటి జోడించి రీడ్ ఇవ్వండి. కౌంటర్ రోల్‌కి ఆ వరుస లేకపోతే సర్వర్ ఆ విలువని అసలు పంపదు. అంతకుముందే వేరే రోల్స్‌కి లెవెల్ 1 వరుసలు ఉన్నాయేమో చూసుకోండి, ఉంటే వాళ్లకీ కనపడుతుంది. లెవెల్ 1 ఉన్నంత మాత్రాన డాక్యుమెంట్ తెరుచుకోదు, దానికి లెవెల్ 0 రీడ్ ఉండాల్సిందే. పిల్ల టేబుల్‌లో (చైల్డ్ టేబుల్, అంటే డాక్యుమెంట్ లోపల ఉండే వరుసల పట్టిక) ఫీల్డ్ అయితే పర్మిషన్ మాత్రం తల్లి డాక్‌టైప్‌లో ఇవ్వాలి, అక్కడ వెతకని వాళ్లు గంటలు పోగొట్టుకుంటారు.

ఎనిమిదో మెట్టు: అడ్మినిస్ట్రేటర్‌గా టెస్ట్ చేయకండి

మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది దీనికే. అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి "అన్నీ పనిచేస్తున్నాయి" అంటే పర్మిషన్ల గురించి మీరు చూసింది ఏమీ లేదు, ఎందుకంటే ఆ లాగిన్‌కి తనిఖీయే జరగలేదు.

కాగితం మీద ఎన్ని పనులున్నాయో టెస్ట్ సైట్‌లో అన్ని డమ్మీ యూజర్లు చేయండి. వేరే బ్రౌజర్ విండోలో, ప్రైవేట్ విండో అయితే మంచిది, ఒక్కొక్కరిగా లాగిన్ అవ్వండి. కొత్త వెర్షన్లలో అడ్మినిస్ట్రేటర్‌కి యూజర్ ఫారమ్ నుంచే ఇంపర్సనేట్ చేసే వీలు ఉంది, కారణం రాయమని అడుగుతుంది.

చేయగలిగేవి చేయగలుగుతున్నారా అని చూడటం సులువు. చేయకూడనివి కూడా ప్రయత్నించాలి. లిస్ట్‌లో కనపడని గుంటూరు బిల్లు నంబర్ తీసుకుని రాజమండ్రి యూజర్ బ్రౌజర్‌లో అడ్రస్ నేరుగా కొట్టండి. పై సెర్చ్ బార్‌లో వెతకండి. రిపోర్టులు తెరవండి, ముఖ్యంగా మీరు రాయించుకున్నవి. ప్రింట్ తీయండి, లిస్ట్‌లో కాలమ్‌గా కొనుగోలు రేటు జోడించడానికి చూడండి. ఎక్కడైనా ఎందుకు తెరుచుకుందో లేదా ఎందుకు ఆగిందో అర్థం కాకపోతే వెర్షన్ 15లో పర్మిషన్ ఇన్‌స్పెక్టర్ ఉంది, యూజర్, డాక్యుమెంట్ ఇస్తే తనిఖీ ఏ దారిలో నడిచిందో చూపిస్తుంది.

కోడ్ రాసేవాళ్లకి ఒక మాట

స్క్రీన్ మీద ఎంత కట్టడి చేసినా ఒక్క ఫంక్షన్ దాన్ని నీళ్లలో కలిపేయగలదు. ఫ్రాపేలో గెట్ లిస్ట్ పర్మిషన్లు చూస్తుంది, గెట్ ఆల్ చూడదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఒకదాని బదులు ఇంకోటి రాసేస్తారు, అడ్మినిస్ట్రేటర్‌తో టెస్ట్ చేస్తే రెండింటి ఫలితం ఒకేలా ఉంటుంది కాబట్టి దొరకదు కూడా. వైట్‌లిస్ట్ చేసిన (బ్రౌజర్ నుంచి పిలవడానికి తెరిచిన) ఏ ఫంక్షన్‌నైనా లాగిన్ అయిన ఎవరైనా పిలవగలరు, బటన్ దాచడం సరిపోదు, ఫంక్షన్ మొదట్లోనే హ్యాజ్ పర్మిషన్ తనిఖీ పెట్టాలి. ఇగ్నోర్ పర్మిషన్స్ అని రాసిన ప్రతి చోటా, ఎందుకు రాశారో పక్కనే కామెంట్ పెట్టండి. పాత యాప్ చేతికొస్తే నేను మొదట వెతికేది ఈ మాట కోసమే.

చివరి మెట్టు: లైవ్‌కి తీసుకెళ్లడం

టెస్ట్‌లో పెట్టినవన్నీ లైవ్‌లో మళ్లీ చేత్తో టిక్ కొట్టకండి, ఎక్కడో ఒకటి తప్పుతుంది. మీ సొంత యాప్ ఒకటి ఉండాలి, దాని హుక్స్ ఫైల్‌లో (యాప్ సెట్టింగులుండే ఫైల్) ఫిక్చర్స్ (యాప్‌తో పాటు వెళ్లే రికార్డులు) కింద రోల్, కస్టమ్ డాక్‌పెర్మ్ రాసి ఎక్స్‌పోర్ట్-ఫిక్చర్స్ కొట్టండి, రోల్‌కి మీ రోల్స్ మాత్రమే వచ్చేలా ఫిల్టర్ పెట్టండి, కస్టమ్ డాక్‌పెర్మ్‌కి మాత్రం మీరు ముట్టుకున్న డాక్‌టైప్‌ల వరుసలన్నీ రానివ్వండి, లేకపోతే లైవ్‌లో ఆ డాక్‌టైప్‌లకి మిగతా రోల్స్ పర్మిషన్లు పోతాయి. ఫీల్డ్‌లకి పెట్టిన లెవెల్స్ కోసం కస్టమైజ్ ఫారమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసే వీలు ఉంది, అది డెవలపర్ మోడ్‌లోనే కనపడుతుంది, అందుకే టెస్ట్ సైట్‌లో ఆ మోడ్ కావాల్సి వచ్చింది. యాప్‌ని గిట్‌లో పెట్టి లైవ్‌లో లాగి మైగ్రేట్ చేస్తే అన్నీ వచ్చేస్తాయి. యూజర్ పర్మిషన్లు మాత్రం మనుషులకి సంబంధించినవి, వాటిని లైవ్‌లోనే పెట్టుకోండి.

ఫిక్చర్స్ పెట్టాక ఒక విషయం మీ సిస్టమ్ మేనేజర్లిద్దరికీ చెప్పాలి. ప్రతి మైగ్రేట్‌కీ ఫిక్చర్‌లో ఉన్నది లైవ్ మీద మళ్లీ రాస్తుంది. వాళ్లు లైవ్‌లో ఒక టిక్ మార్చి పని కానిచ్చేస్తే, వచ్చే అప్‌డేట్‌లో అది పాత స్థితికి వెళ్లిపోతుంది, ఎందుకు పోయిందో వాళ్లకి అర్థం కాదు. మార్పు ఏదైనా టెస్ట్ నుంచే రావాలి.

మైగ్రేట్ అయ్యాక లైవ్ కాన్ఫిగ్ ఫైళ్లు రెండూ తెరిచి డెవలపర్ మోడ్ 0 ఉందో లేదో చూసి, బిల్లింగ్ కౌంటర్‌కి వెళ్లి, అక్కడ కూర్చునేవాళ్ల సొంత లాగిన్‌తో వాళ్ల చేతే ఒక బిల్లు వేయించి చూడండి.